నూట పదకొండో ఇల్లు

ఆ పొద్దున ఆకాశం నీళ్లు మోస్తూనే ఉంది, కురవలేదు. మూసీ మీది నుంచి వచ్చిన మబ్బు పత్తర్‌గట్టి రాతి కమానుల మీదికి దిగి అక్కడే ఆగిపోయింది. గాలి లేదు. దుకాణాల ముందు కట్టిన పరదాలు కూడా కదలలేదు. వైకుంఠం షేర్ ఆటో దిగి, సంచీ భుజానికి తగిలించుకుని పైకి చూశాడు. ఊళ్లో అయితే ఇలాంటి మబ్బు చూసి నాట్లకు మనుషులను మాట్లాడుకునేవాళ్లు. ఇక్కడ ఆ మబ్బుతో అతనికి ఒకటే పట్టింపు. చల్లబడిన రోజున సీసా నల్లబడడానికి ఎక్కువ సేపు పడుతుంది.

సంచీలో వేలెడంత గాజు సీసాలున్నాయి. ఒక్కోదాని అడుగున మందు పూసిన కాగితం ముక్క. నల్లా నీళ్లు గీత దాకా పట్టి, మూత బిగించి ఒక రోజు ఉంచితే, మోరీ మురికి కలిసిన నీళ్లు నల్లబడతాయి. మంచి నీళ్లు ఉన్నట్టే ఉంటాయి. రంగు చూపించి, ఇంటివాళ్ల చేత షీటు మీద సంతకం పెట్టించుకోవాలి. సర్వే ఆఫీసులో అది అతని పని. పదకొండు నెలలకొకసారి కాగితం మార్చే కాంట్రాక్టు కొలువు. ఈ నెల కాగితం మార్చే నెల.

బగ్గీఖానా లైన్లలో ఇరవై నాలుగు గల్లీలు. రోడ్డు మీది నుంచి లోపలికి దువ్వెన పళ్లలాగా పోతాయి. గల్లీకి ఎనిమిది ఇళ్లు, మొత్తం నూట తొంభై రెండు. అన్నింటికీ సీసాలు పెట్టే తీరిక ఆఫీసుకు లేదు. ఎనిమిదింటికి ఒక ఇల్లు చొప్పున ఇరవై నాలుగు ఇళ్లు చూస్తారు. అందులో ఐదింట ఒకటి నల్లబడితే ఈ బస్తీ ఈ ఏడాది పాత పైపులు తీసి కొత్తవి వేసే బస్తీల జాబితాలో చేరుతుంది. లేకపోతే మళ్లీ మూడేళ్లకు. ఇరవై నాలుగులో ఇప్పటికి నల్లబడ్డవి రెండే. చివరి రెండు సంతకాలు తీసుకుని వైకుంఠం షీటు మడిచాడు.

"ఏంది సారూ, సంచి సర్దుతున్నవ్? అయిపోయిందా మా బస్తీ?"

వెనక వరమ్మ నిలబడి ఉంది. అరవై ఏళ్ల మనిషి. కొంగు నడుముకు దోపి, చేతిలో గాజుల పళ్లెం అట్లాగే పట్టుకుని వచ్చింది. వారం రోజులుగా అతను ఎక్కడ కూచుంటే అక్కడికి వచ్చి అదే మాట అడుగుతోంది.

"అయిపోయిందమ్మా."

"మా ఇంటికి రాకనే అయిపోయిందా?"

"మీ నంబరు రాలే. మొదటి అంకెకు చీటీ తీసినం, ఒకటి వచ్చింది. ఇగ ఒకటి, తొమ్మిది, పదిహేడు, గట్ల పోతది. నేను ఏరుకునేది కాదు."

"మరి నా కొడుకు కండ్లను ఎవరు ఏరుకున్నరు?"

వైకుంఠం సంచీ పట్టీ బిగించాడు.

"రా. ఒక్కసారి చూడు. రాయకు, చూడు గంతే."

పద్నాలుగో లైను చివరి ఇల్లు ఆమెది. రోడ్డు మొదట్లో సిమెంటు అరుగులు, అరుగుల మీద తులసి కుండీలు. నాలుగో ఇల్లు దాటాక గల్లీ సన్నబడింది. ఆరో ఇంటి దగ్గర తడి మొదలైంది. గడప మీద వరమ్మ కొడుకు ప్రహ్లాద్ కూచుని ఉన్నాడు. బేగంబజార్లో గిన్నెల గోదాముల దగ్గర మూటలు ఎత్తే హమాలీ. వీపు ఇంకా వెడల్పుగానే ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. కంటి తెల్లగుడ్లు పసుపు నీళ్లలో ముంచి తీసినట్టున్నాయి. మూటకు వేసే ఇనుప కొక్కెం గోడ మేకుకు వేలాడుతోంది. దాని మొనకు అప్పుడే తుప్పు పట్టింది.

"కూసోండి సారూ," అన్నాడు ప్రహ్లాద్. "కామెర్లు పక్కన కూసుంటే అంటుకునేటివి కావంట. డాక్టరు చెప్పిండు."

వరమ్మ స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. ఉక్క పోస్తోంది. వైకుంఠం చేయి దానంతట అదే సంచీలోకి పోయి తన నీళ్ల సీసా తీసింది. మూత తిప్పి రెండు గుక్కలు తాగాక గాని ఏం చేశాడో తెలియలేదు.

తల్లీ కొడుకులిద్దరూ చూస్తున్నారు.

"మా నీళ్లు తాగనోడివి," అంది వరమ్మ, "మా నీళ్లు మంచిగున్నయని ఎట్ల రాస్తివి సారూ?"

ప్రహ్లాద్ నవ్వాడు. నవ్వితే కడుపులో నొప్పి వచ్చినట్టుంది, చేయి పెట్టుకున్నాడు.

ఆమె పళ్లెం ముందు కూచుంది. లాడ్ బజార్ దుకాణానికి లక్క గాజుల మీద రాళ్లు అద్దుతుంది. సన్నటి పుల్ల మొనతో రాయి ఎత్తి, గాజు మీద పెట్టి, గోటితో ఒక్క నొక్కు. పని చేస్తూనే మాట్లాడింది.

"సేటు గూడ నీ లెక్కనే చూస్తడు. జత కట్టల పైగాజు ఒక్కటి తీసి ఎండకు పట్టి చూస్తడు. మంచిగుంటే కట్టంత మంచిదే. గందుకే మేము మంచి గాజు పైన పెడ్తం, వంకర గాజులు నడుమ పెడ్తం. మా సేటు ఇరువై ఏండ్ల సంది పైగాజే చూస్తున్నడు. పాపం మంచోడు."

వైకుంఠం లేచాడు. ఎప్పటిలాగే రోడ్డు వైపు తిరిగాడు.

"ఎప్పుడు చూసినా రోడ్డు దిక్కే పోతవేంది? పక్క లైనుకు గీడికెల్లి గూడ పోవచ్చు," అని వరమ్మ ఇంటి వెనక్కి చూపించింది.

అన్ని లైన్ల కొసలనూ కలుపుతూ ఒక సందు ఉంది. దాని పొడవునా మోరీ పొంగి నల్లటి నీళ్లు నిలిచి ఉన్నాయి. అడుగుకొక ఇటుక వేసుకుని మనుషులు నడుస్తున్నారు. నీళ్ల పైపు ఆ మురికిలోనే మునిగి, అక్కడక్కడా గోనెపట్టాతో కట్టు కట్టి ఉంది. వైకుంఠం ఆ మూల దగ్గర ఆగిపోయాడు. ఈ సందు అతనికి తెలుసు. రెండు నెలల కింద ఇళ్లకు నంబర్లు వేస్తున్నప్పుడు మొదటి లైను చివరికి వచ్చి, ఈ నీళ్లు చూసి, ప్యాంటు కాళ్లు మడవబోయి మానుకుని వెనక్కి తిరిగాడు. రోడ్డు మీదికి నడిచి రెండో లైను మొదటి ఇంటి నుంచి మళ్లీ రాశాడు. మూడోదీ అంతే. ఇరవై నాలుగు లైన్లూ అంతే.

ఆఫీసు పుస్తకంలో బొమ్మ ఉంది. ఒక లైనులో పోయి, దాని కొసన మళ్లి, పక్క లైనులో కొస నుంచి వెనక్కి రావాలి. అతనికి ఆ బొమ్మ ఎవరూ నేర్పనక్కర లేదు. వాళ్ల నాయన దున్నుతుంటే నాగటి చాలు కొసన ఎడ్లు మళ్లేవి. తిరిగి మొదటికి నడిచొచ్చి రెండో చాలు పట్టడం అతను ఎక్కడా చూడలేదు.

ఇటుక మీద నిలబడే సంచీలోంచి జాబితా తీశాడు. ఒకటి, మొదటి లైనులో మొదటి ఇల్లు. తొమ్మిది, రెండో లైనులో మొదటి ఇల్లు. పదిహేడు, మూడో లైనులో మొదటి ఇల్లు. వేలు పెట్టి కిందికి వచ్చాడు. ఇరవై నాలుగూ మొదటి ఇళ్లే. రోడ్డు పక్కన, పైపు ముందుగా చేరే చోట, అరుగుల మీద తులసి కుండీలున్న ఇళ్లు.

చీటీలో మోసం లేదు. అంకెలు సరిగ్గానే నడిచాయి. తను నడవలేదు.

జాబితా మడిచాడు. ఈ ఇరవై నాలుగు సంతకాలూ ఉన్నాయి. చూసినవాళ్లు ఎవరూ లేరు.

కీర్తిప్రియ మేడం ఆఫీసులో లెక్కలు కట్టే ఆఫీసరు. ముప్పై ఏళ్లు ఉండవు. ఆమె బల్ల మీద షీటు పెట్టి వైకుంఠం పోకుండా నిలబడ్డాడు.

"ఇరవై నాలుగుకు రెండు," అంది ఆమె చూస్తూ. "నూటికి ఎనిమిది. తక్కువ ఇండ్లు చూసినం గనక ఒకటికీ ఇరవై ఏడుకూ నడుమ ఎక్కడన్నా ఉండొచ్చు. సరే. ఈ బస్తీకి ఈసారి రాదు. ఇంకేమన్నా ఉందా వైకుంఠం గారూ?"

"ఆ నడుమ గూడ లేదు మేడం."

ఆమె తల ఎత్తింది.

అతను చెప్పడం తెలిసిన మనిషి కాదు. కాగితం తీసుకుని దువ్వెన బొమ్మ గీశాడు. పళ్ల మొదళ్లలో చుక్కలు పెట్టాడు. మోరీ ఎక్కడుందో అక్కడ అడ్డంగా గీత కొట్టాడు. "నేను ఈడ మళ్లాలె. మళ్లలే. నీళ్లున్నయని వెనుకకు వచ్చిన. అన్ని లైన్లకు."

కీర్తిప్రియ బొమ్మను చాలాసేపు చూసింది. పెన్ను మూత పెట్టింది, తీసింది.

"ఈ ఒకటి నుంచి ఇరవై ఏడు అని కట్టిన చూడండి, అది చీటీ వల్ల వచ్చే తప్పుకే. మనం ఒక్క వైపే చూసినమనేది దీనికి తెల్వదు. నాకూ తెల్వదు. మీరు చెప్పకుంటే ఎవరికీ తెల్వకపోతుండె."

"అవు మేడం."

"మరెందుకు చెప్పిన్రు?"

వైకుంఠం బల్ల అంచున రంగు లేచిన చోటును చూశాడు. "వాండ్లు నీళ్లిస్తే తాగలే," అన్నాడు.

ఆమెకు అది అర్థమైందో లేదో. లేచి లోపలి గదిలోకి, పెద్ద ఆఫీసరు గోవర్ధన్ సారు దగ్గరికి పోయింది. తలుపు అద్దం వెనక గోవర్ధన్ సారు రెండు చేతులూ ఎత్తడం, దించడం కనిపించింది. ఆయన బల్ల మీద కాంట్రాక్టుల ఫైలు ఉంది. కాసేపటికి ఆమె బయటికి వచ్చింది.

"శనివారం పన్నెండు గంటల దాకా టైమిచ్చిన్రు. కొత్తగా ఇరవై నాలుగు ఇండ్లు. ఒక్కటి తక్కువైనా కొత్త షీటు తీసుకోరంట, పాతదే పైకి పోతది. ఇంకొకటి..." కాస్త ఆగింది. "జరిగిన తప్పు మీ చేత్తో రాసి సంతకం పెట్టాలంట."

"పెడ్త."

"పాత ఇండ్లు వృథా కాలేదు. మొదటి ఇండ్లు అన్నీ చూసేసినట్టే. మిగిలిన నూట అరవై ఎనిమిదిలోంచి ఇరవై నాలుగు తీస్తే, ఒక్కో ఇల్లు ఏడిండ్ల తరఫున." కంప్యూటర్ ముందు కూచుని వేలు మీట మీద ఆపింది. "ఒక్కసారే నొక్కుతా. వచ్చింది నచ్చలేదని మళ్లీ నొక్కితే అది లెక్క కాదు."

నొక్కింది. అంకెలు వచ్చాయి. వైకుంఠం కళ్లు నూట పన్నెండు కోసం వెతికాయి. పద్నాలుగో లైనులో ఎనిమిదో ఇల్లు, వరమ్మది. నూట ఒకటి ఉంది. నూట పదకొండు ఉంది. తర్వాత నూట ఇరవై ఆరు.

మంగళ, బుధ, గురువారాలు పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా, నల్లాలు వచ్చే ఆ గంటన్నరా, వైకుంఠం మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటుతో ఇటుకల మీద నడిచాడు. ఒక లైనులో పోయి, కొసన మళ్లి, పక్క లైనులో వెనక్కి. చేతులు స్పిరిటుతో తుడుచుకోవడం, సీసా అంచుకు వేలు తగలకుండా పట్టడం, గీత దాకా నింపడం, పెన్సిలుతో నంబరు రాయడం. మొదటి రోజు తీసినవి రెండో రోజు సంతకాలకు తెచ్చాడు. మూడు నల్లగా ఉన్నాయి. ఆ తర్వాతి రోజు మరో రెండు. గురువారం తీసినవాటిలో ఎన్ని మారతాయో చూడాలి. ఏ ఇంట్లోనూ ఆ లెక్క చెప్పలేదు. పుస్తకంలో అట్లాగే ఉంది, చెప్పగూడదని. వరమ్మకు మాత్రం ఇళ్లను ఈసారి మిషను తీసిందనీ, ఒక్కో ఇల్లు ఏడిళ్ల తరఫున అనీ చెప్పాడు.

నూట పదకొండు మాత్రం అందలేదు. అది వరమ్మ గోడకు ఆనుకున్న ఇల్లే. మాణిక్యమ్మ ఒక్కతే ఉంటుంది. మంగళవారం పోతే ముందు తలుపుకు తాళం. గురువారం పోతే అదే తాళం. కానీ లోపల సన్నగా ఒక గురగుర వినిపించింది. అతను తలుపు తట్టగానే ఆ చప్పుడు ఆగిపోయింది.

"మోటారు," అన్నాడు ప్రహ్లాద్ తన గడప మీది నుంచి. "నల్లా పైపుకు బిగిచ్చింది. వెనుక తలుపు తీసుకొని లోపలికి పోతది, ముందట తాళమేస్తది. నువ్వు మోటారు గుంజుకపోయేటోడివి అనుకుంటున్నది."

"రెండేండ్లాయె," అంది వరమ్మ పళ్లెంలోంచి తల ఎత్తకుండా. "అది మోటారు పెట్టినంక మా నల్లాకు దారమంత ధార గూడ లేదు. నేను అడిగిన. అది తిట్టింది. నేను తిట్టిన. ఆ పొద్దటి సంది మాటల్లేవు."

మూడుసార్లు పోవాలి. మూడోసారి కూడా దొరక్కపోతే 'తాళం' అని రాయాలి. పక్కింటిని దాని బదులు రాయకూడదు. మూడోసారి శుక్రవారం. ఆ సీసా రంగు చూడడానికి శనివారం పొద్దున ఒక్కటే మిగులుతుంది.

శుక్రవారం మబ్బు ఇంకా కిందికి దిగింది. సన్నటి తుంపర పడుతోంది. ఆరున్నరకు వైకుంఠం తాళాన్ని గొళ్లేనికి కొట్టాడు. లోపల గురగుర ఆగింది. అతను నిలబడ్డాడు. చూరు మీది నుంచి చుక్కలు మెడ మీద పడుతున్నాయి. పది నిమిషాలకు మళ్లీ కొట్టాడు.

"అమ్మా, నేను మోటారు కోసం రాలే. నా కాగితంల మోటారు గడే లేదు."

లోపల మోటారు మళ్లీ మొదలు కాలేదు.

ఏడు అయింది. ఇంకో అరగంటలో నల్లా పోతుంది. అతను వరమ్మ అరుగు మీద కూచుని షీటు తీశాడు. ఇరవై మూడు గడులు నిండి ఉన్నాయి. గురువారం సీసాల్లో మరో మూడు నల్లబడ్డాయి. అన్నీ కలిపి ఎనిమిది. బస్తీ సంగతి తేలిపోయింది. ఒక్క గడి ఖాళీగా ఉంది, అది ఖాళీగా ఉంటే ఈ ఇరవై మూడూ చెత్తబుట్టలోకి పోతాయి.

ప్రహ్లాద్ జరిగి పక్కన కూచున్నాడు. గొంతు తగ్గించాడు.

"అన్నా. అండ్ల నూట పదకొండే మిగిలిందా? మా నీళ్లు పట్టు. దాని నంబరు రాయి. ఒకటే పైపు, ఒకటే మోరి. సంతకం నేను గీకుత, మాణిక్యమ్మ అని. ఎవని కండ్లల్ల పడ్తది?"

వైకుంఠం పెన్ను తీశాడు. తుంపర కాగితం మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. ప్రహ్లాద్ అన్నది నిజం. ఒకటే పైపు. వరమ్మ నల్లా కింద సీసా పెట్టి ముప్పై లెక్క పెట్టేలోపు అయిపోతుంది. రెండు నెలల కింద కూడా ఇంతే. ఈ గోడ పక్కనే, ఒక నిమిషం పని. ఎవరూ చూడలేదు.

పెన్ను మూత పెట్టాడు.

"వద్దు తమ్మీ."

"ఎందుకొద్దు?" ప్రహ్లాద్ గొంతు పెరిగింది. "నీకు నంబరు ముఖ్యం. మేము ఏమన్నగానీ! మంచిగ రాసుకో. తాళం అని రాసుకో!"

"రాస్త. ఏడున్నర దాక చూసి రాస్త. ఇది ఒకసారి మార్చిన్నంటె మిగిలిన ఇరువై మూడు గూడ నేను కూసొని రాసిన అంటరు. అననీకి నోరుంటది వాండ్లకు."

వరమ్మ పుల్ల మొనన ఒక ఎర్రరాయి ఉంది. దాన్ని గాజు మీద పెట్టలేదు. పెట్టకుండానే పుల్లను పళ్లెం అంచున ఆనించింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, ఇంట్లో నుంచి వెనక తలుపు గుండా మోరీ సందులోకి దిగింది. ఇటుకల మీద ఆమె నడుస్తున్న చప్పుడు, తర్వాత చేత్తో రేకు తలుపు కొట్టిన చప్పుడు అరుగు దాకా వినిపించాయి.

"మాణిక్యమ్మా. నేను, వరమ్మను. తలుపు తియ్యి."

లోపల బకెట్ జరిపిన చప్పుడు అయింది. తర్వాత లోపలి నుంచి, "ఏం మిగిలిందని వచ్చినవ్?"

"లొల్లికి రాలే. గాయన సీసడు నీళ్లు పట్టుకొని పోతడు. గంతే."

"నువ్వే తోలుకొచ్చినవ్ వాన్ని. నా మోటారు పీకిపియ్యనీకి. నాకు ఎర్క లేదా?"

"తోలుకొచ్చుడు నా చేతుల ఉంటే నా ఇంటికే తోలుకుందును. వారం దినాలు వాని ఎనుక తిరిగిన. నా నంబరు రాలే. నీది వచ్చింది."

"నీదెందుకు రాలే?"

"నాకేం ఎర్క? మిషను తీసిందంట. నీ ఇల్లు ఏడిండ్ల కోసం మాట్లాడాల్నంట. అండ్ల నాది గూడ ఉన్నది."

లోపల ఒక పొడి నవ్వు. "నీ కోసం నేను మాట్లాడాల్నా?"

"నా ఖర్మ," అంది వరమ్మ.

గొళ్లెం తీసిన చప్పుడు అయింది. ప్రహ్లాద్ లేవబోయి మళ్లీ కూచున్నాడు. వైకుంఠం సంచీ పట్టుకుని మోరీ సందులోకి దిగాడు. ఒక ఇటుక జారి కాలు చీలమండ దాకా మునిగింది. ఆగి చూసుకోలేదు.

మాణిక్యమ్మ సన్నటి మనిషి. తలుపుకూ గోడకూ మధ్య మోటారుకు అడ్డంగా నిలబడింది, అది కనిపించకపోతే లేనట్టే అన్నట్టు. "మోటారు బంద్ చేసి పట్టాల్నా?" అని గోడతో అన్నట్టు అడిగింది.

"రోజూ ఎట్ల పట్టుకుంటరో గట్లనే."

ఆమె మీట వేసింది. మోటారు గురగురమంది. నల్లా దగ్గి, గాలి వదిలి, తర్వాత లావుగా ధార పోసింది. వరమ్మ ఆ ధార లావును చూస్తూ గడపకు అవతలే నిలబడింది. వైకుంఠం చేతులు తుడుచుకుని సీసా పట్టాడు. గీత దాకా వచ్చాక మూత తిప్పి, పెన్సిలుతో రాశాడు. నూట పదకొండు.

"నాకేం భయం లేదు," అంది మాణిక్యమ్మ. "మోటారు పెట్టినంక నా నీళ్లు ఫస్టు క్లాసు. తెల్లగొస్తయ్. చూస్కోరి."

ఆ రాత్రి చల్లగా ఉంది. వైకుంఠం ఆ సీసాను తువ్వాలలో చుట్టి, పొయ్యి పక్కన గోడ వెచ్చగా ఉండే చోట పెట్టాడు. మళ్లీ విప్పి చూడలేదు.

శనివారం ఏడు గంటలకు మాణిక్యమ్మ వెనక తలుపు దగ్గర నిలబడి తువ్వాల విప్పాడు. సీసాలో నీళ్లు పొయ్యి మసిలాగా ఉన్నాయి.

మాణిక్యమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు పట్టింది. తిప్పింది. మళ్లీ పట్టింది.

"తెల్లగనే ఉండె కదా," అంది.

"కంటికి గట్లనే కనబడ్తయ్. పైపుల పగుళ్లున్నయ్. మోటారు గట్టిగ గుంజితే నీళ్లతోని మోరి గూడ లోపటికొస్తది."

ఆమె ఇంకేమీ అనలేదు. షీటు మోకాలి మీద పెట్టుకుని పేరు రాసింది. ఒక్కో అక్షరం దగ్గర ఆగి రాసింది. గడప అవతలి నుంచి వరమ్మ చూసింది. ఎప్పటి నుంచో దాచుకున్న మాట ఏదో ఆమె నోటి దాకా వచ్చినట్టు పెదవులు కదిలాయి. రానివ్వలేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయింది.

పదకొండున్నరకు కీర్తిప్రియ షీటు అందుకుంది. మొదటి ఇళ్లలో రెండు, మిగిలిన ఇరవై నాలుగులో తొమ్మిది. తొమ్మిదిని ఏడుతో హెచ్చించి, రెండు కలిపింది. నూట తొంభై రెండుకు అరవై ఐదు.

"ముప్పై నాలుగు శాతం. హద్దులు పద్దెనిమిది నుంచి యాభై మూడు."

"ఇరువై కింద గూడ ఉండొచ్చన్నట్టే గద మేడం?"

"ఉండొచ్చు. ఎక్కువ మటుకు ఉండదు. హద్దులు దాచను, అవి గూడ రాస్తున్న. వాళ్లు నడిమి అంకె చూస్తరు." ముద్ర వేసి కాగితం పైన పెట్టింది. "చేరిపోయింది. దసరా లోపల పని మొదలవుతది. గోవర్ధన్ సారు మిమ్మల్ని రమ్మన్నరు." ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె అతని వైపు చూడలేదు.

గోవర్ధన్ సారు కుర్చీ చూపించాడు. ఆయన ఎప్పుడూ కుర్చీ చూపించే మనిషి కాదు. బల్ల మీద వైకుంఠం చేతి రాతలో ఉన్న కాగితం ఉంది.

"పని మంచిగ చేస్తవు. కాదంటలే. కానీ నీ చేత్తోని నువ్వే తప్పు అని రాసిచ్చినవ్. ఇది ఫైలుల పెట్టి, దాని మీద నీ కాగితం మార్చిన్నంటే, పైవాడు నన్ను అడుగుతడు. నెలాఖరు దాక చెయ్యి వైకుంఠం. తర్వాత చూద్దం."

"మంచిది సార్."

"చెప్పకుంటే అయిపోతుండె కదయ్యా."

వైకుంఠం లేచి కుర్చీని దాని చోటికి జరిపి వచ్చాడు.

బగ్గీఖానా లైన్లకు పోయేసరికి ఒంటిగంట దాటింది. ఐదు రోజులుగా నిలబడ్డ మబ్బు ఒక గంట కురిసి వెలిసింది. సందులో ఇటుకలు కనిపించడం లేదు. అతను గల్లీలోంచే వచ్చాడు. గడప ముందు చెప్పులు మూడు జతలున్నాయి. ఒక జత మాణిక్యమ్మది.

"చేరింది," అన్నాడు లోపలికి రాకుండానే. "దసరా లోపల మొదలు పెడ్తరంట."

ప్రహ్లాద్ రెండు అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. వరమ్మ కాసేపు అతని మొహంలోకి చూసింది.

"నీ మొఖం గట్ల లేదేంది మరి?"

"ఎండల పడి వచ్చిన."

"ఎండ యాడున్నది?"

అతను చెప్పులు విడిచాడు. ఆమె ఇంకా ఒక క్షణం చూసి చాప వేసింది.

"నూట పన్నెండు ఎన్నడన్న వస్తదా?"

"రావొచ్చు అక్కా. రాకపోవచ్చు."

"సర్లే. కాళ్లు కడుక్కొని కూసో."

కంచాలు పెట్టింది. కొడుక్కు మజ్జిగ పోసిన మెత్తటి అన్నం, ఉప్పు లేకుండా. మిగిలిన ముగ్గురికి అన్నం, పెసరపప్పు, పచ్చిపులుసు. మాణిక్యమ్మ తెచ్చిన గిన్నెలో దోసకాయ పచ్చడి ఉంది. ఆమె దాన్ని చాప మధ్యలో పెట్టి, ఎవరికీ వడ్డించకుండా చేతులు ఒళ్లో పెట్టుకుంది. వరమ్మ ఆ గిన్నె వైపు చూసింది. గరిటెతో తీసి ముందు తన కంచంలో వేసుకుంది.

తినడం మొదలుపెట్టారు. పచ్చిపులుసు పుల్లగా ఉంది. ప్రహ్లాద్ ఒక్కో ముద్దా చూసి చూసి మింగుతున్నాడు. చూరు నుంచి మిగిలిన చుక్కలు బకెట్లో పడుతున్నాయి. వైకుంఠం సంచీ అతని మోకాలి పక్కనే ఉంది. అందులో అతని నీళ్ల సీసా మూత బయటికి కనిపిస్తోంది.

కారం తగిలి వైకుంఠానికి పొలమారింది. మాణిక్యమ్మ చేయి చాపి చెంబు అందుకుంది. అతని గ్లాసు నింపింది. ఒక్క క్షణం ఆగి వరమ్మ గ్లాసు కూడా నింపింది.

వైకుంఠం గ్లాసు పట్టుకున్నాడు. స్టీలు వెచ్చగా ఉంది. ఇందాక కాచి దించిన నీళ్లు ఇంకా చల్లారలేదు. ఎత్తి, ఆపకుండా తాగి, ఖాళీ గ్లాసు చాప మీద పెట్టాడు. వరమ్మ చూసింది. తల దించుకుని అన్నం కలుపుకుంది.